నాలుగో పొయ్యి

మా పెద్దత్త పోయిన పదకొండో నాడు ఆవిడ ఫొటో పెద్దది చేయించి గోడకు పెట్టాలని ఇంట్లో తీర్మానం జరిగింది. తీర్మానం చేయడం తేలికే. ఉన్నది ఒక్కటే ఫొటో. అందులో ఆవిడ వీపు కనిపిస్తుంది.

గాజువాక స్టూడియోలో కుర్రాడు దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. తిప్పి వెనకవైపు కూడా చూశాడు, ముఖం అటు పడిందేమోనన్నట్టు.

“వేరేది లేదా సార్?” అన్నాడు.

లేదన్నాను.

“మరి ఇందులో ఏది పెద్దది చెయ్యమంటారు?”

ప్రశ్న న్యాయమైనదే. ఫొటోలో సగం పొగ. ఆ పొగలో వంగిన ఒక వీపు, కొంగు బిగించిన నడుము, గరిటె పట్టిన కుడిచెయ్యి మోచేతి వరకు. మిగిలిన చోటంతా ఇత్తడి గుండిగది. గుండిగ మాత్రం బుద్ధిగా కెమెరా వైపు చూస్తోంది. మా చిన్నాన్న స్నేహితుడొకడు పోర్టులో ఎవరో ఓడవాడి దగ్గర ఒక పూటకు కెమెరా అడిగి తెచ్చినప్పటి సంగతి అది. “ఓపాలి ఇటు తిరుగు అప్పా” అని చిన్నాన్న అక్కను చాలాసేపు బతిమాలాడు. “నాను తిరిగితే పప్పు మాడతాది. నీ బొమ్మ మాడదు కదా” అంది ఆవిడ, తిరక్కుండానే.

“ఉన్నది ఉన్నట్టు చెయ్యండి” అన్నాను స్టూడియో కుర్రాడితో. ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళెవరికీ ఆ వీపును గుర్తుపట్టడం కష్టం కాదు. మేము ఆవిడను ఎక్కువగా చూసింది అటునుంచే.

మా ఊరు ఇప్పుడు లేదు. గాజువాక దాటి సముద్రం వైపు ఉండేది. ఊరున్న చోట ఇప్పుడు ఉక్కు కరుగుతోంది. అక్కడ మంట మాత్రం మా కాలం నుంచీ ఉన్నదేనని మావాళ్ళు ఒకటి రెండు పెళ్ళిళ్ళలో చెప్పుకోగా విన్నాను. అది పెద్దత్త మంట గురించే.

మా నాన్నవాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. పెద్దనాన్న ఊళ్ళో ఉండి పొలం చూసేవాడు. మా నాన్న పోర్టులో గుమాస్తా. చిన్నాన్నదీ పోర్టే గాని, పని ఉన్న రోజునే ఆయనది పోర్టు. లేని రోజున ఆయన ఊరివాడు. ముగ్గురికీ పెద్దది పెద్దత్త. మేము పుట్టకముందు ఎప్పుడో ఒక ట్రంకుపెట్టెతో అత్తవారి ఊరునుంచి తిరిగి వచ్చేసిందట. ఎందుకు వచ్చేసిందో ఎవరూ చెప్పలేదు. వచ్చిన పూటే వంట చేసిందని మాత్రం అందరూ చెప్పేవారు.

వేసవి సెలవులివ్వగానే పోర్టు క్వార్టర్సులో మా రెండు గదులకు తాళం పడేది. ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రమే బస్సు. గాజువాకలో దిగి అక్కణ్ణుంచి నడక. అదే దారిలో చిన్నాన్న పిల్లలు, పెద్దనాన్న కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు, ఎవరికి ఏమవుతారో తేలని ఇంకో ఇద్దరు ముగ్గురు. అందరం చేరేసరికి పెరట్లో తాటాకు పందిరి కింద గాడిపొయ్యి తవ్వి ఉండేది. రెండు చేతుల పొడవున నేలలో గాడి తవ్వి, అంచుల్ని బంకమట్టితో కట్టి, పేడతో అలికి, ముగ్గుపెట్టిన పొయ్యి అది. దానిమీద గుండిగలో అన్నం, పక్కన పప్పు, ఆ పక్కన పులుసు. పెళ్ళికి తవ్వే పొయ్యిని ఆవిడ సెలవులకు తవ్వేది. నలభై రోజులు అది చల్లారేది కాదు.

పొద్దున చోడి అంబలి, అంటే రాగులదే, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, మామిడికాయ పప్పు, ఎండునెత్తళ్ళు దొరికితే వాటి పులుసు. వంటకాల పట్టిక ఇంతే. ఇందులో చెప్పుకోదగ్గది వంట కాదు, చట్టం.

ఆ ఇంట్లో పొయ్యి ఒకటే ఉండాలి. ఎవరికీ వేరుగా వండకూడదు. అల్లుడికైనా, అధికారికైనా, రోగికైనా అంతే. పెద్దనాన్నకు పచ్చకామెర్లు వచ్చిన వేసవిలో వైద్యుడు ఉప్పూ నూనే తగ్గించమన్నాడు. ఆయన ఒక్కడికోసం చిన్న గిన్నెలో వేరే కూర వండితే సరిపోయేది. పెద్దత్త గుండిగలోనే ఉప్పు తగ్గించింది. పదిహేను రోజులు ఇరవైమందిమీ పథ్యం తిన్నాం. ఆ వేసవిలో మేమంతా కోలుకున్నాం.

చిన్నాన్నకు పెళ్ళయిన ఏడు, పట్నంలో పెరిగిన మా పిన్ని ఒక కిరసనాయిలు స్టవ్వు వెంట తెచ్చుకుంది. పాపం, ఆమెకు పొద్దున్నే కాఫీ పడాలి. గదిలో మూలన పెట్టుకుని గుట్టుగా ఒక గ్లాసు కాచుకునేది. రెండో రోజున స్టవ్వు కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా పశువుల సాలలో, ఎద్దుల పక్కన దొరికింది. ముందు ఇంత గడ్డి కూడా వేసి ఉంది.

“అదేంటొదినా?” అంది పిన్ని, ఏడవాలో నవ్వాలో తెలియక.

“మన పొయ్యిమీద తినని జీవాలన్నీ అక్కడే ఉంతాయమ్మా” అంది పెద్దత్త.

అంతటితో ఊరుకుంటే గయ్యాళి అనుకునేవాళ్ళం. మర్నాడు పొద్దున్న అదే పొయ్యిమీద, అంబలి దింపాక, ఆవిడ కాఫీ కాచింది. ఒక గ్లాసు కాదు, ఇరవైమందికీ. పాలకంటే నీళ్ళు ఎక్కువ, పంచదారకు బదులు బెల్లం, పాలు విరిగిపోయాయి. పిన్నికి మొదటి గ్లాసు ఇచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడి, “బాగుందేటి?” అంది. పిన్ని బాగుందంది. ఆ అబద్ధం వల్ల మేము ఆ కాఫీని ఏళ్ళ తరబడి తాగాం.

ఆవిడ కూర్చుని తినగా నేను చూడలేదు. పిల్లలు తిని, మగవాళ్ళు తిని, ఆడవాళ్ళు తిన్నాక, పందిరి రాటకు ఆనుకుని నిలబడి పళ్ళెం ఎడంచేతిలో పట్టుకుని తినేది. “కూకో అప్పా” అని చిన్నాన్న అనేవాడు. “కూకుంటే లెగనేను. నెగిసి ఉంటే ఎవులొచ్చినా వడ్డించీగలను” అనేది. నిజంగానే ఆవిడ తినే వేళకు ఎవరో ఒకరు వచ్చేవారు. వచ్చినవాణ్ణి చేతిలో పళ్ళెంతోనే సైగ చేసి కూర్చోబెట్టేది. గుండిగ అడుగున ఎప్పుడూ ఒకరి తిండి మిగిలేది. అది ఆవిడ తిండేనని నాకు డిగ్రీలో చేరాక తెలిసింది. చదువు అందుకు ఉపయోగపడింది.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న వేసవిలో కబురు వచ్చింది. ఉక్కు కర్మాగారానికి మా ఊరు పోతుంది. ఇళ్ళ లెక్క రాయడానికి మనుషులొస్తున్నారు. ప్రభుత్వం వారి నిబంధన ఏమిటో ఎవరూ చదవలేదు. ఊళ్ళో అనుకున్నది మాత్రం ఇది: ఎవరి పొయ్యి వారికి ఉంటే ఎవరి చీటీ వారికి. చీటీకొక ఇంటిస్థలం. చీటీకొక ఉద్యోగం కూడా రావచ్చు.

ఊరంతా రాత్రికి రాత్రి అన్నదమ్ములు విడిపోయారు. ఏనాడూ మాటా మాటా అనుకోనివాళ్ళు కూడా కలిసి కూర్చుని, ఏ తేదీనుంచి తగువుపడ్డామని చెప్పాలో నిర్ణయించుకున్నారు. మా ఎదురింట్లో తండ్రీ కొడుకులు దడి అడ్డంగా కట్టుకుని, ఆ దడి మీంచి చుట్టలు అందించుకునేవారు.

మా ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు సాలలో సమావేశమయ్యారు. లెక్క తేలికే: ఒక పొయ్యి ఉంటే ఒక చీటీ, అది పెద్దనాన్నది. చిన్నాన్నకు నలుగురు పిల్లలు, వారానికి మూడు రోజుల పని. మూడు పొయ్యిలు ఉండి తీరాలి. అక్కడిదాకా ఎవరికీ సందేహం లేదు. పెద్దత్తకు ఎవరు చెప్పాలన్న దగ్గర ముగ్గురూ నా వైపు చూశారు. బి.ఏ. చదువుతున్నాను కాబట్టి నాకు మాటలు వచ్చునని వాళ్ళ నమ్మకం.

వెళ్ళి పొయ్యి పక్కన కూర్చున్నాను.

“ఏట్రా, మీ అయ్యలు పంపినారా?” అంది, చేటలో బియ్యం మీంచి చూపు తియ్యకుండా.

“లేదత్తా. ఊరికే వచ్చాను.”

“ఊరికే వచ్చినోడు సెప్పులు ఇప్పీసి కూకుంటాడు. నువ్వు ఏసుకునే కూకున్నావు. పారిపోడానికేటి?”

చెప్పులు విప్పేశాను. చెప్పవలసిందంతా చెప్పాను. ప్రభుత్వం, ప్రాజెక్టు, పునరావాసం అని మొదలుపెట్టి, చిన్నాన్న నలుగురు పిల్లల దగ్గర ముగించాను. ఆవిడ మధ్యలో అడ్డురాలేదు. బియ్యంలో మూడు రాళ్ళు ఏరి, వరసగా పొయ్యి గట్టుమీద పెట్టింది.

“మూడు పొయ్యిలు. ఒకటి పెద్దోడిది, ఒకటి నడిపోడిది, ఒకటి సిన్నోడిది.”

“అవునత్తా. కాయితం మీద మాత్రమే.”

“సరే. సిన్నోడికి ఉజ్జోగం రావాల, కాదన్ను. మరి ఆ కాయితం మీద నానెక్కడ తింతాను?”

నా బి.ఏ.లో ఈ పాఠం లేదు. “ఎక్కడైనా తినొచ్చు కదత్తా” అన్నాను.

“ఎక్కడైనా తినీవోల్ని ఏటంతారో తెలుసా?” అంది పెద్దత్త. చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అన్నదమ్ములు మూడు వాటాలు వేసుకున్నారు గాని, అందులో అక్క ఒకతె ఉన్నదన్న సంగతి ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదని నాకు అప్పుడు వెలిగింది. నాకూ తట్టలేదు.

తిరిగి వచ్చి సాలలో ఆ ప్రశ్న అప్పజెప్పాను. ఎద్దు ఒకటి తోక ఆడించింది.

“నా దగ్గిర రాయించీండి” అన్నాడు పెద్దనాన్న. “గాని, నా ఇంట్లో ఇప్పటికే ఏడుగురం అవుతాం. ఎక్కువమందుంటే ఏటంటారో.”

“మా దగ్గరే రాయించొచ్చు” అన్నాడు నాన్న. “గాని, నాకు క్వార్టర్సుంది. ఊళ్ళో ఉండనివాడి కింద అంటే అడగరా?”

“నా దగ్గిరే ఉంతాది అప్ప” అన్నాడు చిన్నాన్న. “గాని, నాకే దిక్కు నేదు.”

ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురూ మనస్ఫూర్తిగానే ‘నా దగ్గర’ అన్నారు. ముగ్గురూ ఆ వెంటనే ‘గాని’ అన్నారు. సాలకూ వంటపందిరికీ మధ్య ఉన్నది ఒక తాటాకు దడి. తాటాకు గాలిని ఆపుతుంది, మాటను ఆపదు.

ఆ సాయంత్రమే అన్నదమ్ములు పొయ్యిలు కట్టారు. మా నాన్న ముందు కాయితం మీద బొమ్మ గీశాడు. బొమ్మ చాలా బాగుంది. కట్టాక చూస్తే మూడు పొయ్యిల నోళ్ళూ సముద్రపు గాలికి ఎదురుగా ఉన్నాయి. వేసవిలో ఆ గాలికి అలా పెట్టిన పొయ్యి మండదు, వండేవాళ్ళ కళ్ళే మండుతాయి. మా అమ్మ ఆ సంగతి చెబితే విప్పి మళ్ళీ కట్టారు. పాతపొయ్యిల్లా కనిపించడానికి చిన్నాన్న గుండిగ అడుగునుంచి మసి గీకి తెచ్చి పూశాడు. ఇదంతా పెద్దత్త రాటకు ఆనుకుని చూసింది. గుండిగ అడుగు మసి పోయి తళతళలాడుతుంటే, “ఎప్పుడూ తోమనోడు తోమినాడు” అంది.

మర్నాడు పొద్దున పెద్దమ్మ, అమ్మ, పిన్ని తమ తమ పొయ్యిల దగ్గర గిన్నెలు పెట్టుకుని కూర్చున్నారు. గిన్నెల్లో బియ్యం, గిన్నెల కింద కట్టెలు. అగ్గిపెట్టె పెద్దమ్మ చేతిలో ఉంది. అది అమ్మ చేతికి మారింది. అమ్మనుంచి పిన్ని చేతికి వెళ్ళి, మళ్ళీ పెద్దమ్మ దగ్గరకే వచ్చింది.

“ఎలిగించండేటి? ఆలొచ్చీ టైమయింది” అన్నాడు పెద్దనాన్న.

“ఎలగ ఎలిగిస్తాం?” అంది పెద్దమ్మ. “ఏరుపడిన పొయ్యికి ఆడపడుచు కదా మొదట నిప్పెట్టాలి. మనం ఎట్టుకుంటే ఇల్లు నిలుత్తాదేటి?”

ప్రభుత్వాన్ని మోసం చేయడానికి సిద్ధపడిన ముగ్గురు అన్నదమ్ములకు, పొయ్యిని మోసం చేసే ధైర్యం లేకపోయింది. కొత్త కాపురం పెట్టినా, వేరుపడినా మాలో మొదటి నిప్పు ఇంటి ఆడపడుచుది. ఆ ఇంటికి ఉన్న ఆడపడుచు ఒక్కతె. ఆవిడ అవతల తన గాడిపొయ్యిమీద ఎసరు పెట్టుకుంటోంది. వెళ్ళి అడగాలి. ఏమని అడగాలి? నీకు చోటు చూపించలేకపోయాం గాని, మా ముగ్గురికీ నిప్పు పెట్టి వెళ్ళమనా? ముగ్గురూ మళ్ళీ నా వైపు చూశారు. నేను చెప్పులు వేసుకుని వీధిలోకి పోయాను.

నేను తిరిగి వచ్చింది లెక్క రాసే గుమాస్తాతోనే. నడి వయసు మనిషి, గొడుగు, చంకలో పెద్ద పుస్తకం, వెనక ఒక బంట్రోతు. పొద్దుటినుంచి ఊళ్ళో ముప్పై ఇళ్ళు తిరిగాడు. ముప్పై ఇళ్ళల్లోనూ అన్నదమ్ములు విడిపోయి ఉండడం చూసి మనుషుల మీద అంత మంచి అభిప్రాయంతో లేడు.

“ఎన్ని కుటుంబాలు?” అన్నాడు.

“మూడండి” అన్నాడు పెద్దనాన్న. “ఏరుపడి సానా కాలమయింది.”

గుమాస్తా పొయ్యిల దగ్గరకు వచ్చి చూశాడు. “పొగ లేదేమండీ?”

“వంటయిపోయిందండి” అన్నాడు నాన్న.

“ఏం వండారమ్మా?”

“మామిడికాయ పప్పు” అన్నారు తోడికోడళ్ళు ముగ్గురూ, ఒక్కసారే, ఒకే గొంతుతో.

గుమాస్తా వంగి మధ్య పొయ్యి అంచుమీద వేలు పెట్టాడు. వేలు అర అంగుళం లోపలికి దిగింది. వేలు తీసి చూసుకున్నాడు. మసి ఒకవైపు, పచ్చి మట్టి ఒకవైపు.

“అలికినామండి” అంది పిన్ని, నెమ్మదిగా.

“చూడండీ, నేను ఉన్నది రాయాలి. ఇక్కడ మండుతున్న పొయ్యి ఒకటే కనిపిస్తోంది.” కలం మూత తీశాడు. “ఒకటి రాస్తున్నాను.”

చిన్నాన్న ముఖం చూడలేక నేను గుమాస్తా కలం వైపు చూశాను. కలం కాయితానికి అంగుళం పైన ఉంది.

“ఉండు బాబూ” అంది పెద్దత్త.

గాడిపొయ్యిలోంచి ఇనుపగరిటెతో కణకణలాడే నిప్పులు ఎత్తింది. తిన్నగా వచ్చి పెద్దమ్మ పొయ్యిలో పోసింది. ఎండు తాటి కమ్మరేకు ఒకటి దోపి, ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదింది. అంటుకుంది. మళ్ళీ వెళ్ళింది, నిప్పులు తెచ్చింది, మా అమ్మ పొయ్యిలో పోసింది. మళ్ళీ వెళ్ళింది. పిన్ని పొయ్యి తడి ఎక్కువ, తొందరగా అంటుకోలేదు. పెద్దత్త నేలమీద మోకాళ్ళు ఆనించి, అది అంటుకునేదాకా ఊదింది. గుమాస్తా కలం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆ నిప్పు పట్టుకుని పెరట్లో అటూ ఇటూ నడిచిన నడక గుడిలో హారతి పట్టుకున్నవాళ్ళ దగ్గర కూడా నేను తరువాత చూడలేదు.

“ఆల్లు సెప్పింది అబద్దం బాబూ” అంది లేచి, చేతులు దులుపుకుంటూ. పెద్దనాన్న కళ్ళు మూసుకున్నాడు. “సానా కాలం కానేదు. ఇప్పుడే ఏరుపడినారు. నీ కళ్ళ ముందే. ఆడపడుచుని, నానే ఎలిగించినాను. ఇప్పుడు మూడు మండుతన్నాయా నేదా?”

“మండుతున్నాయి” అన్నాడు గుమాస్తా.

“మరి ఉన్నది రాయి.”

ఆయన కాసేపు ఆవిడ వైపు, కాసేపు పొయ్యిల వైపు చూశాడు. ముప్పై ఇళ్ళ తరువాత మొదటిసారి నిజం విన్న మనిషి ముఖం అలా ఉంటుందని నాకు తెలియదు. కూర్చోవడానికి పీట అడిగాడు. మూడు పేర్లు రాశాడు. రాసి తలెత్తాడు.

“మరి మీరమ్మా? మిమ్మల్ని ఎవరి కింద రాయమంటారు?”

ముగ్గురు తమ్ముళ్ళూ ఒక్కసారే నోరు తెరిచారు. ఈసారి ‘గాని’ ఉండేది కాదని నేను ప్రమాణం చేయగలను. కాని ఆ మాట బయటికి రాకముందే పెద్దత్త అంది:

“ఒకల కిందేటి బాబూ? నా పొయ్యి నాకుంది కదా.”

గుమాస్తా గాడిపొయ్యి వైపు తిరిగాడు. రెండు చేతుల పొడవు మంట, దానిమీద నడుముల ఎత్తు ఇత్తడి గుండిగ, అందులో కుతకుతమంటున్న ఎసరు.

“కుటుంబ సభ్యులెంతమంది?”

“ఒకర్తినే.”

“ఒక్కరికి ఇంత గుండిగా అమ్మా?”

“ఆకలెక్కువ బాబూ” అంది పెద్దత్త.

గుమాస్తా నవ్వలేదు. నవ్వితే రాయలేడు. వంచిన తల ఎత్తకుండా నాలుగో వరస పూర్తిచేసి, వేలిముద్రకోసం ఇంకుపెట్టె వెతుక్కుంటుంటే, ఆవిడ అప్పటికే మసి అంటిన బొటనవేలు తెచ్చి కాయితం మీద నొక్కేసింది. పై మూడు వరసల్లో ఇంకు వెలిసిపోయి ఉండొచ్చు. నాలుగోదాని ముద్ర పొయ్యి మసి. అది పోయేది కాదు.

ఆ ఒకర్తి ఇంట్లో ఆ మధ్యాహ్నం ఇరవైముగ్గురం తిన్నాం, గుమాస్తాతోనూ బంట్రోతుతోనూ కలిపి. తోడికోడళ్ళు కూడా అక్కడే తిన్నారు. వాళ్ళ మూడు పొయ్యిల మీదా అన్నం మాడిపోయింది. వేరువేరుగా వండటం వాళ్ళకు ఇంకా అలవాటు కాలేదు.

తరువాత అలవాటయింది. పునరావాస కాలనీకి వెళ్ళాక మూడు ఇళ్ళు నిజంగానే మూడు ఇళ్ళయ్యాయి. చిన్నాన్నకు కాలక్రమాన ఉద్యోగం వచ్చింది, ఆకుపచ్చ రంగు హెల్మెట్టు పెట్టుకుని సైకిలు మీద వెళ్ళేవాడు. పిన్ని గ్యాసు కొనుక్కుంది. పెద్దత్త స్థలం వరసలో చివరిది. అందరూ ముందు గోడలు లేపారు. ఆవిడ ముందు పొయ్యి తవ్వించింది. ఒక ఏడంతా ఆ వరసలో మూడు ఇళ్ళూ, ఒక పొయ్యీ ఉండేవి. ఎనభైల్లో నా పిల్లలు కూడా వేసవి సెలవులకు అక్కడికే వెళ్ళారు. బెల్లం కాఫీ తాగి వచ్చి, బాగుందని చెప్పారు. వంశంలో కొన్ని గుణాలు పోవు.

ఆవిడ గురించి ఎవరు అడిగినా ఆకలెక్కువ బాబూ అన్న మాటే చెబుతారు మావాళ్ళు. నాకు మాత్రం చీటీలు పంచిన రోజు ఎక్కువ గుర్తు. అది ఆ మరుసటి వేసవి. ఎలిమెంటరీ స్కూలు అరుగుమీద బల్ల వేసుకుని ఒకాయన పేర్లు పిలుస్తున్నాడు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు గోడవార. పేరు పిలిస్తే లేచి, చీటీ తీసుకుని, రెండుసార్లు చదివించుకుని పోతున్నారు. పెద్దనాన్న, నాన్న, చిన్నాన్న ముగ్గురివీ వచ్చాయి.

ఆ తరువాత ఒక ఆడపేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. నేను చుట్టూ చూశాను. మా నాన్నా చుట్టూ చూశాడు. “ఆ పేరుగల్లోలు మన ఊళ్ళో ఎవులున్నార్రా?” అని పెద్దనాన్న పక్కవాణ్ణి అడిగాడు. ఆయన పుట్టినప్పటినుంచీ ఆవిడ అప్ప. మా నాన్నకూ అప్పే. మాకు అత్త, తోడికోడళ్ళకు వదిన. ఊరికి, ఫలానావాళ్ళ అప్ప. నలభై ఏళ్ళుగా ఆ పేరు పెట్టి పిలిచే అవసరం ఎవరికీ కలగలేదు.

“లేరా? పక్కన పెట్టెయ్యనా?” అన్నాడు బల్ల దగ్గరాయన.

“నానే బాబూ” అంది పెద్దత్త.

గోడవారనుంచి లేచి, మగవాళ్ళ మధ్యనుంచే నడిచి వెళ్ళింది. వాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. “ఇంటి యజమాని మీరేనా?” అని ఆయన కాయితంలో చూసి అడిగాడు. “నానే” అంది. చీటీ తీసుకుంది. చదువు రాదు గనక చదవలేదు. పేరున్న చోటేదో అడిగి, దానిమీద వేలు పెట్టి చూసుకుంది. పెద్దనాన్న కళ్ళు తుడుచుకుని ఎదురెళ్ళి చెయ్యి చాచాడు.

“ఇలగియ్యప్పా. నా దగ్గిర బద్రంగా ఎడతాను.”

“నీ సీటీ నీకుంది కదరా పెద్దోడా” అంది. మడిచి రొంటిని దోపుకుంది.

ఆ పేరు నేనిక్కడ రాయను. దాన్ని ఆవిడ ఆ ఒక్కసారే వాడుకుంది, పూర్తిగా వాడుకుంది. ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడ ముందు నడిచింది. ముగ్గురు తమ్ముళ్ళు, ముగ్గురు మరదళ్ళు, మేమంతా వెనకాల నడిచాం. వెనకబడ్డవాళ్ళకోసం ఆగింది ఒక్కసారే.

“బేగి నడండి. ఎసరెట్టి వచ్చినాను” అంది.